జరీ అంచులో వదిలిన సందులు

ఆ వారం కస్టమర్ కేర్ వాళ్లతో నేను పెట్టుకున్నంత గొడవ మా గల్లీలో నల్లా దగ్గర కూడా ఎవరూ పెట్టుకోలేదు. పాతబస్తీలో మేముండే హుస్సేనీ ఆలం నుంచి మా ఆఫీసుకు బస్సులో గంటన్నర పడుతుంది. ఫోన్‌లో హాట్‌స్పాట్ పెట్టుకుని, ఒళ్లో ల్యాప్‌టాప్ తెరిచి, ఆ గంటన్నర పని చేసుకోవడం నాకు అలవాటు. అప్పటిదాకా ఏ ఇబ్బందీ లేదు. ఒక సోమవారం నుంచి మాత్రం హాట్‌స్పాట్ ఆన్ చేస్తే చాలు, నెట్ పాకేది. మధ్యలో కాల్ వస్తే అవతలివాళ్ల మాట ముక్కలు ముక్కలుగా వినబడేది. కొన్ని కాల్స్ అసలు మోగేవే కావు.

"మేడమ్, ఒకసారి ఫోన్ స్విచాఫ్ చేసి ఆన్ చేయండి."

"పొద్దుగాల సంది నాలుగుసార్లు చేసిన. ఒకసారి మీ టవర్ స్విచాఫ్ చేసి ఆన్ చేయుండ్రి."

బస్సులో నా పక్కనున్న ఆమె కిటికీ వైపు తిరిగి నవ్వుకుంది. నేను ఫిర్యాదు మీద ఫిర్యాదు పెట్టాను. ఇంకో నెట్‌వర్క్‌కు మారిపోతానని బెదిరించాను. మారడానికి అప్లికేషన్ కూడా సగం నింపాను.

ఇందులో సిగ్గుపడాల్సిన విషయం ఏమిటంటే, నా ఉద్యోగమే ఇది. గోదాముల్లో డబ్బాల మీది బార్‌కోడ్ గీతలు చదివే చేతి మిషన్లు చేసే చిన్న కంపెనీ మాది. ఆ మిషన్‌లో సిమ్ కోసం ఒక యాంటెన్నా, వైఫై కోసం ఇంకొకటి ఉంటాయి. రెండూ అరచేతంత డబ్బాలో పక్కపక్కనే ఉండాలి. ఒకటి గట్టిగా అరుస్తున్నప్పుడు, దూరం నుంచి వచ్చే సన్నటి మాట వినాలని రెండోది చెవులు రిక్కిస్తుంది. వినబడదు. ఎడంగా జరుపుదామంటే డబ్బాలో చోటు లేదు. అందుకని ఒకదాన్ని నిలువుగా, ఇంకోదాన్ని అడ్డంగా పెడతాం. రెండింటి మధ్యనున్న లోహాన్ని కోసి సన్నటి సందు వదులుతాం. అలా చేస్తే ఒకదాని కరెంటు లోహం మీదుగా పాక్కుంటూ రెండోదాన్ని చేరదు. ఎక్కడ కోయాలి, ఎంత కోయాలి అని రోజంతా చూసే పని నాది. సాయంత్రం బస్సెక్కి నెట్‌వర్క్ వాళ్లను తిట్టేదాన్ని కూడా నేనే.

ఆ సోమవారానికి ముందు రోజు, అంటే ఆదివారం, నేను ఖాలా, అంటే పిన్నీ, అని పిలిచే మా పక్కింటావిడ నాకొక ఫోన్ కవర్ ఇచ్చింది. ఎర్ర మఖ్మల్ గుడ్డ, చుట్టూ అంచున జరీ పూల తీగ. ఇది చదివేవాళ్లకు సంగతి ఇప్పటికే అర్థమై ఉంటుంది. నాకు మాత్రం తొమ్మిది రోజులు పట్టింది.

ఖాలా ఇంటికీ మా ఇంటికీ మధ్య ఒకటే గోడ. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఆమె కిటికీ పక్కన అడ్డా ముందు కూర్చునే కనబడుతుంది. అడ్డా అంటే మంచం పట్టెల్లాంటి కర్రల చట్రం. దాని మీద గుడ్డను బిగించి జరీ పని చేస్తారు. ఆమె వాళ్ల నాన్న దగ్గర పని నేర్చుకుంది. ఇన్నేళ్లూ షాపుల వాళ్లు పంపే పెళ్లి బట్టల మీదే పని చేసింది. ఏది ఎవరి ఒంటి మీదికి పోయిందో ఆమెకు తెలియదు. ఈ ఏడాది మొదటిసారి ధైర్యం చేసి తన పేరు మీద ఫోన్ కవర్లు మొదలుపెట్టింది. ఒక్కో ఫోన్‌కు సరిపోయే గట్టి కవర్ తెచ్చి, దాని మీద తను కుట్టిన మఖ్మల్‌ను అతికించి ఇస్తుంది. మొదటి కవర్ నాకిచ్చింది. ఆ వెంటనే జల్‌పల్లిలో ఒక పెళ్లింటి నుంచి పెద్ద ఆర్డర్ వచ్చింది. పెళ్లిలో ఆడవాళ్లందరికీ అరవై కవర్లు కావాలన్నారు. మచ్చుకు ముందుగా పది కుట్టి ఇచ్చింది.

మంగళవారం సాయంత్రం నేను ఇంటికి వచ్చేసరికి ఖాలా గుమ్మంలో ఎవరివో చెప్పులున్నాయి. పెళ్లికూతురి తల్లి వచ్చింది. ఆ పది కవర్లూ సంచిలోంచి తీసి అడ్డా మీద పెట్టింది.

"ఫుట్‌పాత్ మీద దొరికే జరీ కవర్ ఏస్తే ఫోన్ మంచిగ మోగుతుంది ఆపా. నీది ఏస్తే మా ఆడపడుచుకు నేను మూడుసార్లు చేసినా ఒక్కటి మోగలే. కావాలనే ఎత్తలేదని నేననుకున్న, కావాలనే చెయ్యలేదని ఆమె అనుకుంది. ఇంట్ల లొల్లి లొల్లి అయింది."

"నాది అసలు డబ్కా తీగ, అమ్మా. బజార్ల మాల్ కాదు."

"అసలుదైతేంది, నకిలీదైతేంది? ఫోన్ మోగాలె గద! శుక్రవారం దాంక చూస్తం. కాకుంటే రెడీమేడ్ తెచ్చుకుంటం, ఏమనుకోకు."

ఆమె వెళ్లిపోయాక ఖాలా ఒక కవర్‌ను అటూ ఇటూ తిప్పి చూసింది. తర్వాత నన్ను చూసింది.

"బేటా, నువ్వు ఫోన్ల లోపట పని చేస్తవ్ గద. జర చెప్పు. గుడ్డా, తీగే గద నేను పెట్టింది. నా కవర్ ఫోన్‌ను ఏం చేస్తుంది?"

ఫోన్ నా చేతిలోనే ఉంది. ఎప్పుడూ ఉంటుంది. కవర్ ఊడదీశాను. ఫోన్ పక్కల చుట్టూ ఉన్న లోహపు పట్టీ మీద, గోటితో గీసినట్టు అక్కడక్కడ సన్నటి గీతలున్నాయి. చాలామంది వాటిని అందం కోసం పెట్టారనుకుంటారు. కాదు. ఆ పట్టీలోని ముక్కలే యాంటెన్నాలు. ఒక ముక్క సిమ్‌కు, ఒక ముక్క వైఫైకి. ఒకదాని గొడవ ఒకదానికి అంటకుండా వాటి మధ్య వదిలిన సందులే ఆ గీతలు. నేను ఆఫీసులో కోసేవి కూడా అవే. ఖాలా పూల తీగ ఆ గీతలన్నిటి మీదుగా, ఎక్కడా తెగకుండా, చుట్టూ తిరిగి వచ్చి కలిసింది. ఫోన్ చేసినవాళ్లు కష్టపడి విడదీసినదాన్ని ఈమె చక్కగా కలిపి కుట్టేసింది.

తొమ్మిది రోజులు కస్టమర్ కేర్ వాళ్లను తిట్టిన నోటితో నెమ్మదిగా చెప్పాల్సింది. నాకు నెమ్మది ఎక్కడిది!

"ఖాలా, నీ బేలే ఫోన్‌ను సంపుతుంది."

బేల్ అంటే ఆ అంచు తీగే. ఖాలా మొహం మారిపోయింది. నేను గమనించకుండా వాగుతూనే ఉన్నాను. డబ్కా వద్దు, ప్లాస్టిక్ జరీ వాడు, అయిపోతుంది అన్నాను.

"ప్లాస్టిక్? నేను?"

"లేకుంటే బేల్‌ను నాలుగు జాగల కట్ చెయ్యి."

"నక్కో బేటా. అట్ల అనకు. అడ్డా మీద కూసున్న మొదటి రోజే మా అబ్బా చెప్పిండు. బేల్ ఎక్కడ షురూ అయిందో, ఎక్కడ ఖతమైందో చూసేటోళ్ల కండ్లకు దొరకొద్దు. తెగిన బేల్ పెండ్లి సామాన్ మీద ఉండొద్దు."

"మీ అబ్బా జమానాల హాట్‌స్పాట్ లేకుండె ఖాలా!"

అన్నాక తెలిసింది ఏమన్నానో. ఆయన పోయి ఏడాది కూడా కాలేదు. ఖాలా సూదిని గుడ్డలో గుచ్చి, పది కవర్లూ ఒకదాని మీద ఒకటి పేర్చి, "పో బేటా, అన్నం తిను పో" అంది.

ఇంట్లో అమ్మ పాలగిన్నెలు తోముతోంది. గోడకు చెవులు అవసరం లేదు, మా మాటలు ఆ చివరి ఇంటిదాకా వినబడి ఉంటాయి.

"ఏమే, పొద్దుగాల ఫోన్ కంపెనీ పోరడు, పొద్దుమూకినంక ఆమెనా? ఆమె పని గురించి నీకేమెరుక?"

"నాకు యాంటెన్నాలు ఎరుక."

"జరీ ఎరుకనా?"

గదిలోకి వెళ్లి ఫోన్ చూసుకుంటూ పడుకున్నాను. కవర్ లేకుండా ఆ ఫోన్ హాయిగా పనిచేసింది. అది ఇంకా మంట పుట్టించింది.

బుధవారం నా కవర్‌ను ఆఫీసుకు పట్టుకుపోయాను. మా టీమ్‌లో నాకంటే పెద్దాయన ఒకాయన ఉన్నాడు. అందరం అన్నా అంటాం. నేను చేస్తున్న మిషన్ బోర్డును ఆయన కొలిచే యంత్రానికి తగిలించాడు. ఒక యాంటెన్నా నుంచి ఇంకోదానిలోకి ఎంత దూరిపోతోందో తెర మీద ఒక గీత చూపిస్తుంది. గీత ఎంత కిందుంటే అంత మంచిది. ఖాలా బేల్‌ను బోర్డు అంచు మీద, సందులను కప్పేలా ఆనించాను. గీత లేచి నిలబడింది.

"మూడు వారాలు కిందా మీదా పడి దించినవ్ గద దాన్ని. ఒక్క పూల తీగతోని మళ్ల మొదటికి తెచ్చినవ్," అన్నాడు అన్న.

"నేను కాదన్నా, మా ఖాలా."

"ఏం తీగ ఇది?"

"రాగి తీగ. స్ప్రింగు లెక్క చుట్టి వెండి పూత పూస్తరు."

"గందుకే! ఇంత మంచి లోహం పెడితే ఆగుతదా?"

మా ఆఫీసులో ఒకమ్మాయి దగ్గర బజారు జరీ కవర్ ఉంది. అదీ పెట్టి చూశాం. గీత కదలలేదు. ఆ జరీలో లోహం పేరుకే ఉంది, మిగతాదంతా ప్లాస్టిక్. అప్పుడు కత్తెర తీసుకుని, ఖాలా బేల్‌ను నా ఫోన్ గీతలుండే నాలుగు చోట్ల కోసి, ఆ కోతలు బోర్డు సందుల మీదికి వచ్చేలా మళ్లీ ఆనించాను. గీత మళ్లీ కిందికి దిగింది. అంతా ఫోన్‌లో వీడియో తీసుకున్నాను.

సాయంత్రం చెప్పులు విడిచి ఖాలా గదిలోకి వెళ్లాను. తప్పైంది అనే మాట నాకు తొందరగా నోట్లోంచి రాదు. ఫోన్ ఆమె ముందు పెట్టాను.

"చూడు ఖాలా. ఇది బజార్ కవర్. గీత చూడు."

"ఏం కాలే."

"ఇగ ఇది నీది."

"మీదికి పోయింది!"

"అసలు లోహం గనక పోయింది. నకిలీదానికి అంత దమ్ము లేదు."

ఖాలా వీడియోను మూడుసార్లు చూసింది. మూడోసారి నవ్వింది. "ఇది ఆ అమ్మకు చూపియ్యాలె. అసలుదైతేంది, నకిలీదైతేంది అంటదా!" తర్వాత వీడియో ఇంకాస్త ముందుకు నడిచింది. కత్తెర కనబడింది. నవ్వు ఆగిపోయింది.

"నా బేల్ కోసినవా?"

"నా కవరే గద ఖాలా..."

"గట్ల కోస్తరా ఎవరన్న? ఒక్క కొస తెగితే డబ్కా మొత్తం ఊడి వస్తది. ఇటు ఒక ముడి, అటు ఒక ముడి పడాలె. నువ్వు ఇంజనీర్‌వా, బక్రీద్ కసాయివా?"

కవర్ నా చేతిలోంచి లాక్కుని, వేలాడుతున్న కొసలను చూసి నాలుక చప్పరించింది. ఆమె తిడుతోందంటే మాట్లాడుతున్నట్టే. నాకు ప్రాణం లేచి వచ్చింది.

కాసేపటికి ఆమే అడిగింది. "ఎంత జాగ కావాలె?"

"చిటికెన వేలంత."

"ఖాళీగ ఇడువను. ఆకు పెడతా, పచ్చ రేశంతోని. రేశంల నుంచి నీ కరెంట్ పోతదా?"

"పట్టుదారమే గద. పోదు."

"మరి బేల్ తెగినట్టా, కలిసినట్టా?"

"ఫోన్‌కు తెగినట్టు. కండ్లకు కలిసినట్టు."

ఖాలా సూదిలోకి దారం ఎక్కిస్తూ, "అబ్బా కండ్ల గురించే చెప్పిండు," అంది.

నా కవర్‌ను అక్కడికక్కడే బాగుచేసింది. జరీ తీగ మధ్య నాలుగు పచ్చ ఆకులు. ఫోన్‌కు తొడిగి, హాట్‌స్పాట్ పెట్టి, అమ్మ చేత ఫోన్ చేయించాను. మోగింది. శుక్రవారం గడువుకు ముందే ఖాలా గురువారం మధ్యాహ్నానికల్లా పది కవర్లనూ విప్పి, నేను చెప్పిన చోట్లలో ఆకులు పెట్టి జల్‌పల్లికి పంపింది. నేను ఆఫీసులో గర్వంగా టీ తాగుతున్నాను. అప్పుడు ఫోన్ వచ్చింది.

"బేటా, ఆరు మోగుతున్నయట. నాలుగు మోగుతలేవట."

"అట్లెట్ల? వాళ్లు సరిగ్గ తొడగలే. ఫోన్ల ఫొటోలు పంపమను!"

ఫొటోలు వచ్చాయి. మోగని నాలుగు ఫోన్లలో ఒకదానికి గీతలు పై అంచున ఉన్నాయి. రెండింటికి బటన్ల పక్కన ఉన్నాయి. ఒకదానికి అసలు గీతలే లేవు. ఖాలాకు నేను చెప్పిన నాలుగు చోట్లూ నా ఫోన్‌లోవి. నా ఫోన్‌ను కొలిచి లోకమంతా ఇంతే అనుకున్నాను. అదే తప్పు ఆఫీసులో ఎవరైనా చేస్తే, ఒక్క పీస్ చూసి ఎట్ల చెప్తరని అందరికంటే ముందు అరిచేదాన్ని నేనే. ఆ సాయంత్రం నన్ను నేను తిట్టుకుంటూ ఆమె గదిలో అటూ ఇటూ తిరుగుతుంటే ఖాలా కడుపు పట్టుకుని నవ్వింది.

"ఒక్క దుల్హన్ జాకెట్ కొలత తీసుకొని పెండ్లిల అందరికి కుడతరా బేటా? కూసో. ఫికర్ చేయకు. ఖాకా తీద్దాం."

ఖాకా అంటే నమూనా కాగితం. బటర్ పేపర్ మీద పువ్వులు గీసి, గీత వెంట సూదితో చిన్న చిన్న చిల్లులు పొడుస్తారు. దాన్ని గుడ్డ మీద పరిచి సుద్దపొడి రుద్దితే చిల్లుల్లోంచి నమూనా గుడ్డ మీదికి దిగుతుంది. కవర్ల కొలతకు ఆమె దగ్గర ఖాకాలు అప్పటికే ఉన్నాయి. వాటిలో ఫోన్ గీతలు లేవు, అంతే. కానీ ఆ గీతలు కావాలంటే ఫోన్లే ముందుండాలి. పెళ్లికూతురి తల్లికి వీడియో పంపి, నేనే మాట్లాడాను. నెమ్మదిగా మాట్లాడాను. అమ్మ పక్కనే నిలబడింది మరి.

"ఆదివారం మా ఇంట్ల పసుపు దంచుతరు. చుట్టాలందరు వస్తరు, ఫోన్లన్ని ఆడనే ఉంటయ్," అంది ఆమె. "వచ్చి చూసుకోండ్రి. ఆనాడు గూడ మోగకుంటే మాత్రం ఇగ నన్ను అడగొద్దు."

ఆదివారం ఖాలాను నా స్కూటీ వెనక ఎక్కించుకుని జల్‌పల్లి వెళ్లాను. ఆమె ఒళ్లో బటర్ పేపర్ చుట్ట, పెన్సిళ్ల డబ్బా. కొత్త కాలనీ, ఇంకా సున్నం వాసన వస్తున్న ఇల్లు. ముందు గదిలో రోలు చుట్టూ ఆడవాళ్లు. పెళ్లికూతురి తల్లి ఒక పెద్ద పళ్లెం పట్టుకుని తిరిగి ఫోన్లు వసూలు చేసింది. నగలిమ్మంటే ఇచ్చేవాళ్లేమో గానీ, ఫోన్లు ఇవ్వడానికి ఒక్కొక్కరికీ ప్రాణం పోయింది.

"జల్దీ ఇయ్యి ఆపా, నా రీల్ సగంల ఉంది."

"లాక్ తీయ అవసరం లేదు గద? తీయకుండ్రి మరి!"

ఖాలా ఒక్కో ఫోన్ చుట్టూ కాగితాన్ని పట్టీలా చుట్టి, పెన్సిల్‌ను అడ్డంగా పెట్టి అంచు వెంట రుద్దింది. బటన్లు, చిల్లులు, కెమెరా గుబ్బ అన్నీ కాగితం మీదికి వచ్చాయి. కొన్ని గీతలు మాత్రం చేతికి తగలవు, కంటికే కనబడతాయి. అవి నేను చూసి చెప్పాను. "పైన రెండు. ఎడమ దిక్కు ఒకటి, కిందికి." ఆమె అక్కడ చిన్న ఆకు గీసి, పక్కన ఉర్దూలో ఫోన్ పేరు రాసుకుంది. ఒకే రకం ఫోన్లు చాలానే ఉన్నాయి, పని తగ్గింది. గీతల్లేని ప్లాస్టిక్ ఫోన్లతోనే చిక్కు వచ్చింది. వాటి యాంటెన్నాలు లోపల ఎక్కడున్నాయో బయటికి తెలియదు. ఒక జరీ ముక్కను అంచుల మీద జరుపుతూ, హాట్‌స్పాట్ పెట్టి నెట్ ఎక్కడ పడిపోతుందో చూశాను. అన్నిటికీ పైనా కిందా మాత్రమే పడిపోయింది. అక్కడ లోహం అసలు వద్దన్నాను.

ఆ ఫోన్లున్న వాళ్లలో ఒక పెద్దమ్మ ఊరుకోలేదు. "అందరికి చుట్టు జరీ, నాకు పక్కలకేనా? నాదేం పాపం?"

"పైనా కిందా మొత్తం రేశం పూలు పెడతా అమ్మా," అంది ఖాలా తలెత్తకుండా. "నీదే అందరిదానికన్న నిండుగ ఉంటది. చూడు కావాలంటే."

"అయితే నాదే ముందుగాల కుట్టు."

ఇక ఆడపడుచు గారి ఫోన్ వంతు వచ్చింది. అసలు గొడవ మొదలైంది దానితోనే. గురువారం ఫొటో చూసి ఖాలా దానికి కొత్తగా కుట్టిన కవర్ తెచ్చింది. పై అంచున రెండు ఆకులు, పక్కన ఒకటి. తొడిగి, హాట్‌స్పాట్ పెట్టి, నలుగురు ఆడపిల్లలను దానికి కనెక్ట్ చేసుకుని వీడియోలు చూడమన్నాను. పెళ్లికూతురి తల్లి తన ఫోన్ తీసుకుని వంటింట్లోకి వెళ్లింది. రోకళ్లు ఆగాయి. ఖాలా పెన్సిల్ కింద పెట్టి రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుంది. నేను నా ఫోన్ వంక చూడకుండా ఉన్న క్షణం ఆ ఏడాదిలో బహుశా అదొక్కటే.

మోగింది. ఆడపడుచు ఎత్తింది.

"ఆఁ వదినా, ఇనవడుతుంది. మంచిగ ఇనవడుతుంది." వంటింటి వైపు తిరిగి ఇంకాస్త గొంతు పెంచింది. "మొన్న మూడుసార్లు ఎందుకు చేసినవ్ ఇంతకి?"

"పప్పుల ఉప్పు చాలిందా లేదా అడుగుదామని," వంటింట్లోంచి జవాబు, ఫోన్‌లోనూ బయటా కూడా.

"చాలలే!"

గదంతా నవ్వింది. పెళ్లికూతురి తల్లి బయటికి వచ్చి, కవర్‌ను చేతిలోకి తీసుకుని, ఆకుల మీద వేలు పెట్టి చుట్టూ తిప్పి చూసింది. తీగ ఎక్కడ మొదలైందో వెతికినట్టుంది. దొరకలేదు.

"అన్నీ గిట్లనే ఉండాలె ఆపా. ఆకులతోనే. కానియ్యి."

ఖాలా తలూపింది. ఆమె చేతులు మళ్లీ పెన్సిల్ వెతుక్కున్నాయి. యాభై తొమ్మిది ఫోన్లూ అయ్యాక కాగితాలను చుట్ట చుట్టి పక్కన పెట్టి, "దుల్హన్ ఫోన్ ఏది?" అని అడిగింది.

పెళ్లికూతురు మేడ మీద ఉందట, కాబోయే వాడితో మాట్లాడుతోందట. పిలుస్తానని తల్లి లేవబోతే ఖాలా ఆపింది. "మాట్లాడనియ్యండ్రి. మేం కూసుంటం." మాకు పులిహోర పెట్టారు. తిన్నాం. ఇంకా పెట్టారు. ఎంతసేపటికీ ఆ పిల్ల దిగలేదు. నాకు కోపం రావాలి, వచ్చేదే. ఆ రోజు రాలేదు.

చివరికి మెట్ల మీద గజ్జెల చప్పుడైంది. పెళ్లికూతురు తలొంచుకుని ఫోన్ ఖాలా చేతికిచ్చింది. అది ఇంకా వెచ్చగానే ఉంది. ఖాలా దాని చుట్టూ కాగితం చుట్టి, పెన్సిల్ అడ్డంగా పెట్టి, కింది అంచు నుంచి మెల్లగా రుద్దడం మొదలుపెట్టింది.